జవాబు చెప్పని బడి



వేసవి సెలవుల్లో కూడా చదువుకోవటానికి పొమ్మంటే మీలో యెంతమంది సంతోషంగా బయలుదేరుతారు? చేతులెత్తమంటే ఒకటో రెండో లేస్తవి. అవి కూడా అమ్మానాన్నలు పక్కన నిలబడితేనే! అందులో మీ తప్పేమీ లేదు. సెలవులంటే సెలవులే మరి.

కాని అమెరికాలో కొందరు హైస్కూలు పిల్లలు తమంత తాము కోరి, వేసవిలో వారాల తరబడి విశ్వవిద్యాలయంలో మకాం పెట్టి లెక్కలు చేస్తారు. అట్లా పోయిన పిల్లవాడికి అక్కడ యేమి జరుగుతుందో యీ నెల చెబుతాను.

ఆ తరగతులను మొదలుపెట్టిన ఆయన పేరు ఆర్నాల్డ్ రాస్. ఆయన 1906లో చికాగో నగరంలో పుట్టాడు. చిన్నతనం ఒడెస్సాలో గడిచింది. తరువాత మళ్ళీ చికాగో వచ్చి, అక్కడి విశ్వవిద్యాలయంలో గణితం చదివాడు. నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో లెక్కల ఉపాధ్యాయులకు వేసవి పాఠాలు చెబుతూ, 1957లో హైస్కూలు పిల్లలను కూడా చేర్చుకున్నాడు. 1964లో ఆ తరగతులు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి మారినవి. తొంభై యేళ్ళు దాటినా ఆయన పాఠం చెప్పటం మానలేదు. 2002లో పోయాడు. స్థలాలు మారినా ఆయన పెట్టిన తరగతులు మాత్రం ఆగలేదు.

వాటిలో చేరాలంటే ముందుగా కొన్ని లెక్కలు పంపిస్తారు. వాటిని ఇంటి దగ్గర తీరుబడిగా చేసి పంపాలి. గడియారం చూసి పరుగెత్తనక్కరలేదు. యెంత తొందరగా చేశారని కాక, యెట్లా ఆలోచించారని చూస్తారు.

సరే, మీరే అక్కడికి పోయారనుకుందాం. మీ బడిలో లెక్కల్లో మీరే మొదటివారు. పలకమీద లెక్క పడీపడకముందే జవాబు చెప్పేవారు. పెట్టె దించి, హాస్టలు గదిలో పక్క వేసుకున్నారు. తెల్లవారి పాఠం విన్నారు. పాఠం కాగానే ఒక కాగితం చేతికిచ్చారు. అందులో లెక్కలున్నవి. చూస్తే అన్నీ చిన్నపిల్లల లెక్కల లాగానే వుంటవి! ఏదైనా సంఖ్యను సున్నతో గుణిస్తే సున్న యెందుకు వస్తుంది? రుణసంఖ్యను రుణసంఖ్యతో గుణిస్తే ధనసంఖ్య యెందుకు వస్తుంది?

"ఓస్, ఇంతేనా! ఇవి మాకు యెప్పుడో తెలుసు," అంటారు మీరు.

తెలుసు, నిజమే. కాని యెందుకో చెప్పండి చూతాం! "మా మేష్టారు చెప్పారు" అంటే అక్కడ చెల్లదు. "పుస్తకంలో వున్నది" అన్నా చెల్లదు. పుస్తకాలు వెతకవద్దని ముందే చెబుతారు. కంప్యూటరులో వెతకటమూ కూడదు. కలపటానికీ గుణించటానికీ వున్న కొన్ని మూలసూత్రాలు చేతికిచ్చి, మిగిలినదంతా వాటినుంచే రాబట్టమంటారు.

హాస్టలులో మీతోబాటు కౌన్సిలర్లని కొందరు వుంటారు. వాళ్ళూ విద్యార్థులే, మీకంటే కొంచెం పెద్దవాళ్ళు. మీరు రాసిన కాగితం తీసుకుని శ్రద్ధగా చదువుతారు. "ఈ మాట యెక్కడినుంచి వచ్చింది?" అని ఒక గీత గీసి తిరిగి ఇస్తారు. మళ్ళీ రాస్తే మళ్ళీ చూస్తారు. జవాబు మటుకు చెప్పరు.

ఆ కాగితాలలో తరచు కనిపించే మాట ఒకటి వున్నది: "నిరూపించు, లేదా తప్పని చూపు, తప్పయితే, వీలున్నంతవరకు బాగుచెయ్యి." ఈ మూడు పనులూ యెట్లా జరుగుతవో మనమూ చూద్దాం. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

వారానికి యేడు రోజులు గదా, 7 తీసుకుందాం. 2ను ఆరుసార్లు వేసి గుణిస్తే 64. దాన్ని 7తో భాగిస్తే శేషం 1. 3ను ఆరుసార్లు వేసి గుణిస్తే 729. 7తో భాగిస్తే శేషం మళ్ళీ 1! 4తో చేస్తే 4096, శేషం 1. 5తో చేస్తే 15625, శేషం 1. 6తో చేస్తే 46656, శేషం 1. ఆశ్చర్యంగా లేదూ?

ఇప్పుడు 7 బదులు 5 తీసుకుని, నాలుగుసార్లు వేసి గుణించండి. 2తో 16, 3తో 81, 4తో 256. 5తో భాగిస్తే అన్నిటికీ శేషం 1. మీరు యెగిరి గంతువేసి, "ఏ సంఖ్యకైనా ఇంతే! దానికంటే ఒకటి తక్కువసార్లు వేసి గుణిస్తే, శేషం 1 వస్తుంది," అని కాగితం మీద రాసేస్తారు.

కౌన్సిలరు అది చూసి, "6తో చేశావా?" అంటాడు.

చేయండి. 2ను అయిదుసార్లు వేసి గుణిస్తే 32. 6తో భాగిస్తే శేషం 2. పోయింది! మీ గొప్ప సూత్రం ఒక్క లెక్కతో కూలిపోయింది. లెక్కల్లో నిజాన్ని ఓట్లతో తేల్చరు. వంద ఉదాహరణలు "ఔను" అన్నా, ఒక్కటి "కాదు" అంటే కాదనే అర్థం.

ఇక మూడో పని, బాగుచేయటం. 7, 5 పనికివచ్చి, 6 యెందుకు పనికిరాలేదు? 7, 5 ప్రధాన సంఖ్యలు. ఒకటీ, తామూ తప్ప మరేదీ వాటిని భాగించదు. 6 అట్లా కాదు, అది రెండుమూళ్ళు ఆరు. 1, 2, 3, 4, 5, 6 వరసగా రాసి, ఒక్కొక్కదాన్నీ 3తో గుణించి, 7తో భాగించి శేషాలు రాయండి: 3, 6, 2, 5, 1, 4. అవే ఆరు అంకెలు, వరస మాత్రం మారింది! 6తో అట్లా చేయండి. 1, 2, 3, 4, 5లను 2తో గుణిస్తే శేషాలు 2, 4, 0, 2, 4. వచ్చినవే మళ్ళీ వచ్చినవి, నడుమ ఒక సున్న దూరింది. రహస్యం అక్కడే వున్నది. మిగిలింది నేను చెప్పను.

ప్రధాన సంఖ్యలను గురించిన యీ సూత్రాన్ని ఫ్రాన్సు దేశస్థుడు ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో రాశాడు. నిరూపణ మాత్రం రాయలేదు. 1736లో ఆయిలర్ నిరూపణ ఇచ్చాడు. నడుమ 96 యేళ్ళు! మరి మూడు రోజులు కుస్తీపట్టినా ఒక లెక్క తేలలేదని మీరు సిగ్గుపడవచ్చునా?

అక్కడికి పోయిన పిల్లలకు వచ్చే అసలు కష్టం అదే. ఇంటి దగ్గర యెప్పుడూ మొదటివాడైనవాడికి మూడు రోజులైనా ఒక లెక్క తేలదు. పక్క గది పిల్లకు తేలింది. భోజనం దగ్గర మాట్లాడబుద్ధి కాదు. "నాకు లెక్కలు వస్తవనుకున్నాను, రావేమో!" అని దిగులు పుడుతుంది. ఇక్కడే ఇద్దరు రెండు దారులు పడతారు. ఒకడు యెవరినైనా అడిగి జవాబు రాసుకుంటాడు. వాడి కాగితం నిండుతుంది, దిగులు మటుకు లోపలే వుంటుంది. రెండోవాడు చిన్న అంకెలు తీసుకుని మళ్ళీ మొదటినుంచి పట్టీ వేస్తాడు. స్నానం చేస్తున్నా, నడుస్తున్నా అదే ఆలోచన. ఉన్నట్టుండి ఒకనాడు, అవే ఆరు అంకెలు వరస మారి వచ్చినవన్న సంగతి కళ్ళకు కడుతుంది. ఆ క్షణాన వాడికి కలిగిన సంతోషాన్ని యెవరూ ఇవ్వలేరు, యెవరూ తీసుకుపోనూ లేరు.

"సామాన్యమైన విషయాలను గురించి లోతుగా ఆలోచించు" అనేది రాస్ తరగతుల సూక్తి. వేసవి గడిచి ఇంటికి వచ్చేసరికి వాడు నేర్చుకున్న సూత్రాలు కొన్ని మరిచిపోవచ్చు. కాని "నాకు తెలియదు" అన్నమాటకు భయపడటం మానేస్తాడు. చదువులో అంతకంటే పెద్ద లాభం నాకు కనిపించదు.

తల్లిదండ్రులకు ఒక్కమాట. అమెరికా అందరూ పోలేరు, పోనక్కరలేదు కూడా. మీ పిల్లవాడు వసారాలో కూర్చుని ఒకే లెక్కమీద గంటసేపు పెన్సిలు కొరుకుతున్నాడనుకోండి. "ఇంకా కాలేదా?" అని అడగకండి. జవాబు మీకు తెలిసినా చెప్పకండి. "ఇంతవరకు యేమేమి చేసి చూశావు, నాయనా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మీ వసారాయే విశ్వవిద్యాలయం అవుతుంది.

ఇక పిల్లలూ, మీకు యీ నెల పని. ఒక సంఖ్య తీసుకుని, దాని తరువాతి సంఖ్యతో గుణించి, 41 కలపండి. 1ని 2తో గుణించి కలిపితే 43. 2ను 3తో గుణించి కలిపితే 47. 3ను 4తో గుణించి కలిపితే 53. మూడూ ప్రధాన సంఖ్యలే. యెప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందా? నిరూపించండి; లేదా తప్పని చూపండి. పది లెక్కలు చేసి తొందరపడి తీర్పు చెప్పకండి సుమా!

జవాబు వచ్చే నెల చెబుతానని మాత్రం ఆశపడకండి. నేను చెప్పను.