సెక్షన్ 88లో మిగిలిపోయిన వివరణ

భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. వలస పాలన నాటి ఆలోచనలను వదిలించుకోవడమే కొత్త చట్టం ఉద్దేశమని కేంద్రం గట్టిగా చెప్పింది. ఆత్మహత్యాయత్నం చేసినవారిని శిక్షించే పాత 309వ సెక్షన్ అందులోకి రాలేదు. 1860 నాటి 312వ సెక్షన్ మాత్రం నంబరు మార్చుకుని 88గా దాదాపు యథాతథంగా వచ్చేసింది. గర్భస్రావం కలిగిస్తే మూడేళ్ల వరకు, కడుపులో కదలిక మొదలయ్యాక అయితే ఏడేళ్ల వరకు జైలు. తల్లి ప్రాణం కాపాడడానికి సదుద్దేశంతో చేసినదానికే మినహాయింపు. ఆ కిందనే ఒక వివరణ ఉంది: తనకు తాను గర్భస్రావం కలిగించుకున్న స్త్రీ కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. ప్రాణం తీసుకోబోయిన మనిషికి కావలసింది శిక్ష కాదు, సాయం అని ఒప్పుకున్న పార్లమెంటు, మోయలేని గర్భాన్ని వదులుకున్న స్త్రీని మాత్రం నేరస్థుల వరసలోనే ఉంచింది. ఆ వివరణను తొలగించాలి.

మన దేశంలో 1971 నుంచే అబార్షన్‌కు చట్టం ఉంది కదా, ఇంకా గొడవేమిటని అడిగేవారున్నారు. ఆ చట్టం స్త్రీకి హక్కు ఇవ్వలేదు, కొన్ని షరతుల మీద డాక్టరుకు రక్షణ ఇచ్చింది. 20 వారాల వరకు ఒక డాక్టరు ఒప్పుకోవాలి, 24 వారాల వరకు కొన్ని వర్గాల స్త్రీలకే, అదీ ఇద్దరు డాక్టర్లు సరేనంటేనే. 2022లో ఢిల్లీలో 25 ఏళ్ల అవివాహిత ఒకరికి హైకోర్టులో అనుమతి దొరకలేదు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 29న జస్టిస్ చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం పెళ్లయినవారికీ కానివారికీ ఒకటే న్యాయమని తేల్చింది. క్రిమినల్ కేసు భయంతోనే డాక్టర్లు చట్టం అడగని కాగితాలు అడుగుతున్నారని, ఇంట్లోవాళ్ల సమ్మతి తెమ్మంటున్నారని కూడా అదే తీర్పు గుర్తించింది. అలా తిప్పి పంపిన స్త్రీ మందుల షాపుకు వెళ్తుంది. 2015లో దేశంలో 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయని, వాటిలో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతోనే అయ్యాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. డాక్టరు ప్రమేయం లేకుండా మాత్ర మింగిన ప్రతి స్త్రీ సెక్షన్ 88 అక్షరాల ప్రకారం నేరస్థురాలే. ఇన్ని లక్షల మందిని నేరస్థులుగా చూసే చట్టంలోనే దోషం ఉంది.

అసలు చిక్కు దానంతట అది కడుపు పోయినవారి విషయంలో ఉంది. నిర్ధారణ అయిన గర్భాల్లో నూటికి పది పదిహేను గర్భస్రావాలవుతాయి. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోమ్ లోపాలే కారణం. రాత్రివేళ రక్తస్రావంతో ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని తీసుకోండి. కడుపునొప్పి, గడ్డలుగా పోతున్న రక్తం, సగం తెరుచుకున్న గర్భాశయ ముఖద్వారం, స్కానింగ్‌లో మిగిలిపోయిన ముక్కలు. ఆమె మాత్ర వేసుకున్నా ఇవే లక్షణాలు, వేసుకోకపోయినా ఇవే. చేయాల్సిన వైద్యమూ ఒకటే. నోటితో మింగిన మాత్రను మామూలు ఆసుపత్రి పరీక్షలు పట్టుకోలేవు. అప్పుడు పోలీసు చేతికి దొరికేవి ఆమె మాట, ఫోనులోని మెసేజీలు, పక్కింటివాళ్ల అనుమానాలు. పెళ్లి కాని పిల్ల అయితేనో, భర్త ఊళ్లో లేని కూలీ మనిషి అయితేనో ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఈ భయం ఉన్నచోట స్త్రీ నిజం దాస్తుంది, ఆలస్యంగా వస్తుంది. రక్తస్రావంలో ఒక గంట ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

88వ సెక్షన్ కింద ఆడవాళ్లపై కేసులు పెట్టేది అరుదు, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా చేయలేరు, మరి భయమెందుకు అనేది ఇంకో వాదన. నిజమే, కానీ మృతశిశువును రహస్యంగా పూడ్చి పుట్టుకను దాచడాన్ని శిక్షించే 94వ సెక్షన్ పక్కనే ఉంది. దాని కింద పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. పుట్టకముందే చనిపోయిన బిడ్డకూ అది వర్తిస్తుంది. చట్టాన్ని వాడడం అరుదైతే అది ఎవరి మీద పడుతుందన్నది ఎదుటివారి కక్షను బట్టి, పోలీసు ఇష్టాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని ఇండియానాలో భారత సంతతి యువతి ఒకరు రక్తస్రావంతో ఆసుపత్రికి వెళ్లారు. మృతశిశువు పుట్టిందని చెప్పినా, ఇంటర్నెట్‌లో మాత్రలు కొన్నదని ఆరోపించి పిండహత్య కేసు పెట్టారు. రక్తంలో మందు జాడ దొరకలేదు. అయినా 2015లో పిండహత్య, బిడ్డను నిర్లక్ష్యం చేయడం అనే రెండు నేరాలకు కలిపి 20 ఏళ్ల శిక్ష పడింది. ఆ చట్టం గర్భిణులపై దాడి చేసేవారి కోసమేగాని గర్భిణుల కోసం కాదంటూ 2016లో అప్పీలు కోర్టు పిండహత్య నేరాన్ని కొట్టేసింది. అప్పటికే ఆమె ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఆడపిల్లల గురించినది. 2024లో హర్యానాలో వెయ్యి మంది మగశిశువులకు 910 మంది ఆడశిశువులే పుట్టారు. ఆ రాష్ట్ర ప్రభుత్వం 12 వారాలు దాటిన గర్భస్రావాల ఆరా తీయిస్తోంది, ఆడపిల్లలున్న గర్భిణుల మీద కన్నేసి ఉంచడానికి ‘సహేలీ’లను పెట్టింది. ఆడపిండాన్ని చంపేవారిని పట్టుకోవాలి, ఇందులో రెండో మాట లేదు. అయితే అందుకోసం 1994లో చేసిన లింగ నిర్ధారణ నిషేధ చట్టమే, భర్తో బంధువులో బలవంతం చేస్తేనే స్త్రీ ఆ పరీక్షకు వచ్చిందని కోర్టు భావించాలంటుంది. అలా బలవంతానికి లోనైన స్త్రీకి శిక్ష లేదంటుంది. స్కానింగ్ సెంటరును, దళారిని, అత్తింటివారిని పట్టుకోవడానికి ఆ చట్టం చాలు. నాలుగో నెలలో సహజంగా కడుపు పోయి ఏడుస్తున్న తల్లి గడపలోకి ఆరా తీసే మనిషిని పంపితే ఏ ఆడపిల్లా బతకదు.

వివరణ తీసేస్తే గర్భిణులకు రక్షణ పోతుందన్న మాటా సరికాదు. స్త్రీ సమ్మతి లేకుండా గర్భస్రావం చేయిస్తే యావజ్జీవం దాకా వేసే 89వ సెక్షన్ ఎక్కడికీ పోదు. సజీవంగా పుట్టిన బిడ్డను చంపితే అది హత్యే. 312వ సెక్షన్ పుట్టింది బ్రిటిష్ పాలనలోనే. ఆ బ్రిటన్‌లోనే 1861 నాటి చట్టం నుంచి స్త్రీలను తప్పించే సవరణను 2025 జూన్‌లో హౌస్ ఆఫ్ కామన్స్ 379–137 ఓట్లతో ఆమోదించింది. మన పార్లమెంటు ఆ పని కొత్త సంహితను ఆమోదించిన 2023లోనే చేసి ఉండాల్సింది. ఇప్పుడైనా సెక్షన్ 88 కింది వివరణను తీసేయాలి, సెక్షన్ 94 నుంచి తల్లిని తప్పించాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ సవరణ కోసం సభలో నోరు విప్పాలి.