కంటికి వినిపించే సంగీతం

ఏటా జనవరి 29న ఢిల్లీలోని విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్ ఉత్సవాన్ని చూచినవారికి సైనిక వాద్యబృందాల కవాతు కొత్త కాదు. వరుస చెదరదు, అడుగు తప్పదు. అటువంటి కవాతునే పునాదిగా చేసుకొని అమెరికా యువతీయువకులు ఒక పోటీకళను నిర్మించుకున్నారు. దాని పేరు డ్రమ్ కోర్.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఇంటికి చేరిన సైనికులు తమ సంఘాల తరఫున డ్రమ్ములతో, బ్యూగిళ్ళతో బృందాలు ఏర్పరచుకోవడం దీనికి నాంది. క్రమంగా అది యువజనుల చేతికి వచ్చింది. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ పట్టణంలో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ తొలి జాతీయస్థాయి పోటీ నిర్వహించగా, కాలిఫోర్నియాకు చెందిన అనాహైమ్ కింగ్స్‌మెన్ బృందం గెలుపొందింది. నేటి పెద్ద బృందంలో నూట యాభైమందికి పైగా సభ్యులుంటారు. ఇత్తడి వాద్యాలవారు, డ్రమ్ములవారు, పతాకాలనూ కొయ్య తుపాకులనూ కత్తులనూ గాలిలోకి విసిరి పట్టుకునే కలర్ గార్డ్ వారు, అందరూ ఇరవైరెండేళ్ళకు లోబడినవారే. వేసవి అంతా బస్సులలో ఊరూరా తిరుగుతూ, పాఠశాలల వ్యాయామశాలల నేలమీద నిద్రించి, పన్నెండు నిమిషాలకు మించని ఒకే ఒక ప్రదర్శనకు నగిషీ చెక్కుతారు.

ఇది సంగీత పోటీయే కదా, మరి గెలుపోటములను వేషం, రంగు, కదలిక, రంగాలంకరణ ఎందుకు శాసించాలి? ఈ కళాభిమానుల మధ్య దశాబ్దాలుగా సాగుతున్న వాదం ఇదే. దీనికి సమాధానం మొదట మార్కుల పట్టికలో దొరుకుతుంది. మొత్తం నూరు మార్కులలో 30 సంగీతానికి, 30 దృశ్యానికి, మిగిలిన 40 ప్రదర్శన కలిగించే సమగ్ర ప్రభావానికి కేటాయించారు. ఆ నలభైలోనూ కంటికీ చెవికీ పొత్తు ఉంది. కాబట్టి ఎంత మధురంగా వాయించినా, చూపులను నిలుపలేని బృందం కిరీటానికి ఆమడ దూరంలోనే ఆగిపోతుంది.

ఈ లెక్క మొదటినుండీ ఇలా లేదు. తొలిరోజులలో న్యాయనిర్ణేతలు తప్పులు లెక్కపెట్టేవారు. అడుగు తడబడితే పదోవంతు మార్కు కోత, స్వరం జారితే మరో పదోవంతు. తప్పుకు శిక్ష ఉండి సాహసానికి బహుమతి లేనిచోట ఎవరు సాహసిస్తారు? మైదానం నడిమి గీతకు ఇటూ అటూ అద్దంలో ప్రతిబింబంలా సమానంగా ఉండే ఆకృతులే క్షేమమని అందరూ భావించారు. 1980ల ప్రథమార్ధంలో ఆ పద్ధతి తొలగి, సాధించినదానికి మార్కులిచ్చే పద్ధతి వచ్చింది. కొలిచే కర్ర మారగానే కళ రూపమే మారిపోయింది.

ఆ మార్పుకు ముందు నడచినవాడు జార్జ్ జింగాలీ. న్యూజెర్సీకి చెందిన గార్ఫీల్డ్ కాడెట్స్ బృందానికి ఆయన గీసిన కవాతు పటాలలో సమరూపత లేదు. వంపులు పుట్టి, కరిగి, మరో వంపుగా మారతాయి. ఇప్పుడే గుంపుగా ఉన్నవారు చూస్తుండగానే మైదానమంతా అల్లుకుంటారు. కన్ను ఒకచోట ఆగదు, ఆగాలని కోరుకోదు. ఆ బృందం 1983, 1984, 1985 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు విజేతగా నిలిచింది. అంతకుముందు ఏ బృందానికీ దక్కని ఘనత అది.

ఈ పటాల వెనుక ఉన్న గణితం తెలిస్తేగాని వాటి కష్టం తెలియదు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఆటస్థలం పొడవు 100 గజాలు, వెడల్పు 53 గజాలకు పైచిలుకు. అయిదేసి గజాలకు ఒక గీత. సాధారణంగా రెండు గీతల మధ్య ఎనిమిది అడుగులు వేయాలి, అంటే ఒక్కొక్క అడుగు ఇరవైరెండున్నర అంగుళాలు. ప్రతి ఆకృతిలోనూ ప్రతి సభ్యునికీ ఒక నిర్ణీత బిందువు ఉంటుంది. ఒక్కడు అరగజం పక్కకు జరిగినా పైవరుసలలో కూర్చున్నవారికి వంపు విరిగి కనిపిస్తుంది.

అయితే ఎవరు ఎక్కడ నిలబడాలన్నది కేవలం అందానికి సంబంధించిన విషయమనుకుంటే పొరపాటు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. మైదానం ఈ కొసనుండి ఆ కొసకు చేరడానికి దానికి పావు సెకనుకు పైగా పడుతుంది. నిమిషానికి 160 దెబ్బల వేగంతో సాగే లయలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ వ్యవధి సెకనులో మూడోవంతుకు కాస్త ఎక్కువ. అంటే రెండు కొసల వారూ ఒకరినొకరు విని వాయిస్తే సగం దెబ్బకు మించి తేడా వస్తుంది. అందుకే డ్రమ్ములవారిని తరచు మైదానం మధ్యలో, వెనుకవైపు నిలుపుతారు. వారు సంచాలకుని చేతిని చూసి వాయిస్తారు. ముందున్నవారు వెనుకనుండి వచ్చే ఆ శబ్దాన్ని విని దానితో గొంతు కలుపుతారు. అప్పుడు రెండు శబ్దాలూ ఏకమై ప్రేక్షకులను చేరుతాయి. చూపు కోసం డ్రమ్ములను ఒక మూలకు నెట్టిన రూపశిల్పి, తెలియకుండానే సంగీతాన్ని చీల్చినవాడవుతాడు. తెలిసినవాడు సోలో వాయించే ట్రంపెట్ వాద్యకారుని చుట్టూ ఖాళీ సృష్టించి, వేలమంది చూపులను ఆ ఒక్కనిమీద నిలిపి, ఆ తరువాతనే తొలి స్వరం పలికిస్తాడు. ఎక్కడ చూడాలో తెలిసిన శ్రోత మరింత స్పష్టంగా వింటాడు. అనువాద వృత్తిలో ఉన్న నాకు ఇది పరిచితమైన పనిగానే తోస్తుంది. మూలంలో ఉన్నది సంగీతం, దానిని పచ్చికమీదికి తర్జుమా చేసేవాడు రూపశిల్పి. తర్జుమా మూలాన్ని మింగివేయరాదు, మూలం ముందు మూగగానూ నిలువరాదు.

ఈ సమతూకానికి మార్కులు ఎల్లవేళలా సరియైన సాక్ష్యం చెప్పవు. 1993లో స్టార్ ఆఫ్ ఇండియానా బృందం మీడియా కథను ఎంచుకొని బార్బర్, బార్టోక్ స్వరరచనలను వాయించింది. ఆడంబరాన్ని విడిచి, వాద్యకారుల దేహాలనే నాట్యానికి సాధనాలు చేసింది. ప్రేక్షకులలో అనేకులకు అది మింగుడుపడలేదు. తుదిపోటీలో నూటికి పదోవంతు మార్కు తేడాతో కాడెట్స్ గెలిచింది, స్టార్ రెండవ స్థానంలో నిలిచింది. ఆ సంవత్సరంతోనే పోటీరంగం విడిచిన ఆ బృందం పరంపరనుండి రూపొందిన ‘బ్లాస్ట్’ ప్రదర్శన 2001లో బ్రాడ్వే చేరి, ప్రత్యేక రంగస్థల ప్రదర్శన విభాగంలో టోనీ పురస్కారం పొందింది. ఇక వాద్యకారుడు నర్తకుడు కూడా కావాలన్న నియమాన్ని నేటి బృందాలన్నీ పాటిస్తున్నాయి. ఓడిన ప్రదర్శన గెలిచినవారికి సైతం గురువైన సందర్భం ఇది.

తరువాతి కాలంలో మైదానం దాదాపు రంగస్థలమే అయింది. 2004లో మైక్రోఫోన్లకు, 2009లో ఎలక్ట్రానిక్ వాద్యాలకు అనుమతి లభించింది. 2016లో ఒహాయోకు చెందిన బ్లూకోట్స్ సంప్రదాయ శిరస్త్రాణాలనూ బరువైన దుస్తులనూ వదలి, వంపు తిరిగిన వేదికలమీద ఎక్కుతూ జారుతూ వాయించి తొలిసారి విజేత అయింది. కవాతు బృందమంటే సైనిక వేషమే అన్న చివరి తెర ఆనాటితో తొలగిందనవచ్చు.

ఇక్కడే ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. వేదికలు, వాటిని మోసే లారీలు, ఏటా కొత్త దుస్తులు, రూపశిల్పుల పారితోషికాలు, వీటన్నిటికీ డబ్బు కావాలి. సభ్యులే ఒక్కొక్కరు వేలాది డాలర్ల రుసుము చెల్లిస్తారు. 2018లో జాతీయ విజేత అయిన శాంటా క్లారా వాన్‌గార్డ్ ఆర్థికమైన ఇబ్బందులవల్ల 2023లో బరిలోకే దిగలేకపోయింది. దానికి అలంకరణ ఒక్కటే కారణమనడం న్యాయం కాదు, ప్రయాణ వ్యయం, భోజనాల ఖర్చు అంతకంతకు పెరుగుతున్నాయి. కాని గెలుపుకు ఖరీదైన రంగసామగ్రి తప్పనిసరి అన్న నమ్మకం బలపడితే, ప్రతిభ ఉండీ స్తోమత లేని కుర్రవాడు బస్సు ఎక్కకముందే ఓడిపోతాడు. యుద్ధంనుండి తిరిగివచ్చిన సామాన్యులు సామాన్యుల పిల్లలకోసం పెంచిన ఈ కళకు అది తీరని లోటు.

ఆశ కలిగించే విషయం కూడా లేకపోలేదు. జింగాలీ విప్లవానికి కావలసిన సామగ్రి కాగితం, పెన్సిలు, నడవగల కాళ్ళు. స్టార్ బృందం ఆ రాత్రి నమ్ముకున్నది మనుషుల చేతులను, భుజాలను. దృశ్యం గెలిపిస్తుందన్నది నిజమే, కాని దృశ్యమంటే వస్తువుల పోగు కాదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నిలబడాలో తెలిసిన వివేకమే దృశ్యం. 1940లో పుట్టి, 1972 నాటి తొలి వ్యవస్థాపక బృందాలలో ఒకటైన బోస్టన్ క్రూసేడర్స్‌కు మొదటి జాతీయ కిరీటం దక్కింది 2025లో. యాభైమూడేళ్ళ నిరీక్షణ అది. అన్నేళ్ళూ ఆ బృందంలో ఆడిన పిల్లలు ఊరకే పోలేదు. ఒక్కొక్కరూ తమ బిందువు ఎక్కడో తెలుసుకొని, దానిమీద నిలబడి, పక్కవాని శబ్దం వినడం నేర్చుకొని వెళ్ళారు. మార్కుల పట్టికలో దానికి గడి లేదు.