మిద్దెపై ఎండ, నెత్తిన కట్టెలమోపు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో చలికాలం వచ్చిందంటే ముసలివారికి, పసిపిల్లలకు వేడినీళ్లు కావలసిందే. ఇల్లాలు వేకువనే బాన కింద మంట పెట్టాలి. లేదా బకెట్లో కరెంటు రాడ్డు వేయాలి. పగలంతా మిద్దెలపై కాసే ఎండ మాత్రం వృథాగా పోతున్నది.

వంద లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు మూడున్నర యూనిట్ల కరెంటు కావాలి. మిద్దెపై సోలారు హీటరుంటే అదే పని ఎండ ఊరికే చేస్తుంది. వేడి పోకుండా కట్టుదిట్టం చేసిన ట్యాంకులో నీరు మరునాటి ఉదయానికీ వెచ్చగానే వుంటుంది. ముసురు రోజుల్లో రాడ్డు తప్పదనుకోండి. బోరునీరు సున్నపు నీరైతే గొట్టాలను అప్పుడప్పుడు శుభ్రం చేయించాలి.

చిక్కల్లా మొదటి ఖర్చుతోనే. 2024లో మొదలైన సూర్యఘర్ పథకం కింద ఇంటిపై రెండు కిలోవాట్ల సౌర విద్యుత్ పలకలకు కేంద్రం 60 వేల రూపాయల రాయితీ ప్రకటించింది. 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కుప్పం మండలం నడిమూరులో ఇంటింటికీ ఈ పలకలు బిగించే పనిని ప్రారంభించారు. సంతోషమే. కాని నీళ్లు కాచే హీటరుకు ఆ రాయితీ వర్తించదు. ఇదేమి న్యాయం? ఫ్యానుకు అందిన చేయూత పొగ మింగే ఇల్లాలికి అందవద్దా? కేంద్రం కదలకుంటే రాష్ట్ర ప్రభుత్వమైనా ఈ పడమటి మండలాలలో హీటరు ధరలో సగం భరించాలి. ముందుగా సంక్షేమ హాస్టళ్లతో మొదలుపెట్టినా సరే.