అరువు కండలు

ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో పూర్తిగా తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. ఆర్ట్స్ కాలేజీ ముందు నడక సాగించే పెద్దలు, పోలీసు కొలువుల దేహదారుఢ్య పరీక్షల కోసం పరుగులు తీసే యువకులు, వాళ్ళను చూసి తామూ పరుగెత్తే తార్నాక, సీతాఫల్‌మండి కుర్రవాళ్ళు కనిపిస్తారు. యువతరం ఒళ్ళు వంచి కష్టపడటం సంతోషించదగిన విషయమే. అయితే నగరంలోని పిల్లల్లో కొందరికి పరుగులు, దండీలు, బస్కీలు చాలడం లేదు. పదో తరగతి, ఇంటర్ చదివే వయసులోనే జిమ్ముల్లో చేరి, ‘మూడు నెలల్లో బాడీ’ అనే మాట నమ్మి మాత్రలకూ, సూదులకూ అలవాటుపడుతున్నారు. ఇంట్లో తల్లికి మాత్రం అది ప్రోటీన్ పొడి అని చెబుతారు. ఆ తల్లి నమ్మి, పాలలో కలిపి తానే ఇస్తుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. స్టెరాయిడ్ అనగానే చాలామందికి ఉబ్బసం మందు గుర్తుకు వస్తుంది. అది వేరు, ఇది వేరు. ఉబ్బసానికి, కీళ్ళవాపులకు డాక్టర్లు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ వంటివి కొలత ప్రకారం వాడితే ప్రాణం నిలబెడతాయి. ఈ మాటలు చదివి ఎవరూ తమ పిల్లల ఇన్‌హేలర్ మానిపించరాదు. కండల కోసం వాడే నాండ్రోలోన్, స్టానొజొలాల్, మెథాండియనోన్ వంటివి మరో జాతివి. ఇవి మగవారి వృషణాలలో సహజంగా తయారయ్యే టెస్టోస్టిరాన్‌కు నకళ్ళు. ఆ టెస్టోస్టిరాన్‌ను శాస్త్రవేత్తలు 1935లో ప్రయోగశాలలో తయారుచేశారు. అది ఊరక లేని రోగులకు ఉపయోగపడుతుంది. ఉన్నవాడికి ఎందుకు?

అసలు ప్రశ్న ఇదే. పదహారేళ్ళ పిల్లవాడి ఒంట్లో ఆ పదార్థం వరదలా పొంగే రోజులవి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ అనే చిన్న గ్రంథి హుకుం ఇస్తే వృషణాలు దానిని తయారుచేస్తాయి. బయటి నుంచి వండిన అన్నం వచ్చి పడుతుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? పిట్యూటరీ హుకుం ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. సూది మానేసిన తర్వాత ఆ పొయ్యి మళ్ళీ వెలగడానికి కొందరికి నెలలు, కొందరికి సంవత్సరాలు పడుతుంది. ఈలోగా నీరసం, దిగులు. కొందరిలో ఆ దిగులు ఆత్మహత్య ఆలోచన దాకా పోతుంది. మందు వాడుతున్న రోజుల్లో పట్టరాని కోపం, మానిన రోజుల్లో ఈ దిగులు. ఇంట్లోవాళ్ళు దాన్ని పొగరనీ, బద్ధకమనీ అనుకుంటారు.

ఒంట్లో ఎక్కువైన టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం ఆడ హార్మోన్‌గా మారుతుంది. దానివల్ల మగపిల్లలకు రొమ్ములు పెరుగుతాయి. మందు మానినా అవి తగ్గకపోతే ఆపరేషనే గతి. అదే ఆడ హార్మోన్ ఎముకల చివర ఉండే పెరుగుదల పలకలను వేళకు ముందే మూసేస్తుంది. ఒకసారి మూసుకుంటే పిల్లవాడి ఎత్తు అక్కడితో ఆగిపోతుంది. తెలంగాణలో కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవారికి సాధారణంగా ఉండవలసిన ఎత్తు 167.6 సెంటీమీటర్లు. ఖాకీ దుస్తుల కల కని, దాని కోసమే కండలు పెంచుకున్న కుర్రవాడు ఆ కండల మందు మూలంగానే కొలబద్ద దగ్గర తిరుగుముఖం పట్టవచ్చు.

గుండె సంగతి ఇంతకంటే పెద్దది. గుండె కూడా కండే కదా! దాని గోడలు మందమవుతాయి, మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, చెడ్డది పెరుగుతుంది. మాత్రల రూపంలో మింగేవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఒకే సూది నలుగురు పంచుకుంటే ఎయిడ్స్, కామెర్ల క్రిములు కూడా పంచుకున్నట్టే. క్యాప్సూల్ పైతొడుగు హలాలా కాదా అని ఆరా తీసేవారు మనలో ఉన్నారు, మంచిదే. లోపల ఏముందని అడిగేవారే తక్కువ.

మరో మందు కూడా ఈ దారిలోనే వస్తోంది. మెఫెంటర్మిన్ అనే ఇంజెక్షన్ స్టెరాయిడ్ కానే కాదు. ఆపరేషన్ సమయంలో రోగి రక్తపోటు పడిపోతే దానిని లేపడానికి మత్తు డాక్టరు వాడేది. దానిని వ్యాయామానికి ముందు ‘జోష్’ కోసం ఎక్కించుకుంటున్నారు. గత కొన్నేళ్ళలో హైదరాబాద్ పోలీసులు, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు దీనిని జిమ్ములకు వెళ్ళేవారికి అమ్ముతున్నవారిని పలుమార్లు పట్టుకున్నారు. రక్తపోటు బాగానే ఉన్న కుర్రవాడికి అది ఎక్కితే గుండె ఎలా తట్టుకుంటుంది?

‘విటమిన్’ అని చెప్పి ఇవ్వడం కొత్త ఎత్తు కాదు. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1970ల నుంచి తన క్రీడాకారిణులకు, అందులోనూ మైనరు బాలికలకు, స్టెరాయిడ్ మాత్రలను విటమిన్లని చెప్పి మింగించింది. వారిలో కొందరి గొంతు మగగొంతుగా మారి మళ్ళీ రాలేదు. 2000లో బెర్లిన్ కోర్టు ఆ క్రీడాధికారులకు శిక్ష విధించింది. మన దేశంలో 2010 ఆసియా క్రీడల రిలే పరుగులో స్వర్ణం తెచ్చిన జట్టులో ముగ్గురు 2011లో స్టెరాయిడ్ పరీక్షలో దొరికిపోయారు. జిన్‌సెంగ్ మాత్రల్లో కలిసి వచ్చిందని మొరపెట్టుకున్నా నిషేధం తప్పలేదు. 2023లో మన క్రీడాకారుల నుంచి తీసిన 5,606 నమూనాలలో 3.8 శాతం దోషపూరితమని తేలింది. ఎక్కువ పరీక్షలు జరిపే దేశాలలో ఇదే అత్యధిక శాతం. మైనర్ల కేసులపై ప్రపంచ సంస్థ 2024లో వెలువరించిన పదేళ్ళ అధ్యయనంలో రష్యా తర్వాతి స్థానం మనదే. తర్ఫీదు పొందిన క్రీడాకారుల పరిస్థితే ఇలా ఉంటే గల్లీ జిమ్ములో సీసాను ఎవరు పరీక్షిస్తారు?

విచిత్రమేమంటే ఈ విషయంలో దేశానికి దారి చూపే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది మన తార్నాకలోనే, యూనివర్సిటీ పక్కనే. ఉస్మానియా పుట్టిన 1918లోనే అదీ కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. దాని గోడ పక్కగా రోజూ బస్సెక్కే పిల్లవాడు ఆహారం గురించి జిమ్ము ట్రైనరును అడుగుతాడు. ఆ సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో కండల కోసం ప్రోటీన్ పొడులు వాడవద్దని స్పష్టంగా చెప్పింది. దాని లెక్క ప్రకారం 16 నుంచి 18 ఏళ్ళ అబ్బాయికి రోజుకు కావలసిన మాంసకృత్తులు సుమారు 55 గ్రాములు. రెండు గుడ్లలో 12, గ్లాసు పాలలో 6, గుప్పెడు పప్పులో 10, వంద గ్రాముల కోడిమాంసంలో 20 వస్తాయి. మిగిలినది అన్నం, రొట్టె చూసుకుంటాయి. ఒక డబ్బా పొడి ధరకు ఇంటిల్లిపాదికీ నెలంతా గుడ్లు వస్తాయి.

ఉర్దూలో తాలీం అంటే చదువు. హైదరాబాదులో కుస్తీ నేర్పే చోటుకూ అదే పేరు. తాలీంఖానాలో ఉస్తాదుకు పిల్లవాడి తండ్రి తెలుసు, ఇల్లు తెలుసు. ఏళ్ళ తరబడి మట్టిలో పొర్లిస్తేగాని పహిల్వాన్ అనిపించుకోనిచ్చేవాడు కాదు. అలాగని పాతకాలమంతా బంగారమేమీ కాదు, హకీమును అడగకుండా లోహభస్మాల కుష్తాలు మింగినవారూ లేకపోలేదు. కాని తొందర ఇంత లేదు.

ఆడపిల్లల తల్లులకూ ఒక మాట. పెళ్ళి కుదరకముందే ఒళ్ళు రావాలని డెక్సామెథసోన్ మాత్రలు, తెల్లబడాలని బీటామెథసోన్ క్రీములు తెచ్చి ఇవ్వడం మన ఇళ్ళల్లో ఉన్నదే. ఇవి మొదట చెప్పిన ఉబ్బసం మందు జాతివే, డాక్టరు లేకుండా వాడితే ఇవీ విషమే. ఆ మాత్రలతో వచ్చేది ఒళ్ళు కాదు, వాపు. వెంట మధుమేహం, ఎముకల గుల్లతనం వస్తాయి. ఆ క్రీములతో ముఖచర్మం పలుచబడి ఎర్రబారి, మానగానే మండుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి క్రీములను చీటీ లేకుండా అమ్మరాదని కట్టడి చేసింది. దుకాణంలో చేయి చాపితే ఇప్పటికీ దొరుకుతున్నాయంటే తప్పు అమ్మేవాడిదొక్కడిదే కాదు.

పిల్లవాడి ముఖం, వీపు నిండా ఉన్నట్టుండి మొటిమలు, రెండు నెలల్లో అమాంతం పెరిగిన బరువు, కారణం లేని కోపం, లెక్క చెప్పని డబ్బు కనిపిస్తే అడగండి. సూది వేసుకున్నానని ఒప్పుకుంటే కొట్టకండి, కొడితే రేపటి నుంచి దాచడం నేర్చుకుంటాడు. ఎవరితోనూ చెప్పకుండా అతనంతట అతను మానేయడం కూడా ప్రమాదమే, దిగులు కమ్ముకునేది అప్పుడే. ఉస్మానియా ఆసుపత్రిలో హార్మోన్ల వైద్యం చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు ఆ సీసా, మాత్రల పట్టీ, ఖాళీ డబ్బా ఏదుంటే అది వెంట తీసుకువెళ్ళండి. పేరు కనిపిస్తే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.