చౌమహల్లాలో మా చరిత్రకు చోటేది?

చౌమహల్లాను కూల్చమని మేము అనడం లేదు. పాడుబడుతున్న ఆ ప్యాలెస్‌ను ప్రిన్సెస్ ఎస్రా పూనుకొని బాగు చేయించారు. 2005లో ప్రజలకు తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. ఇప్పుడక్కడ సంగీత కచేరీలు, ప్రదర్శనలు జరుగుతున్నాయి. మంచిదే. కట్టిన మేస్త్రీల పనితనం నిలబడింది. మా పేచీ గోడలతో లేదు, ఆ గోడల పేరు మీద మనం చెప్పుకునే కథతోనే ఉంది.

జిన్నారం, బొల్లారం, గడ్డపోతారం కంపెనీల్లో పనిచేసేవాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పే మేము ఒక లెక్క చూపిస్తాం. సలాబత్ జంగ్ కాలంలో, 1750 ప్రాంతంలో మొదలైన ఈ మహల్ అఫ్జలుద్దౌలా ఏలిన 1857-1869 మధ్య పూర్తయింది. అదే ఏలుబడిలో, 1860లో, నిర్మల్‌లో రాంజీ గోండును ఉరి తీశారు. పట్నంలో దర్బారు లేచింది, అడవి అంచున ఉరితాడు వేలాడింది. మొదటిది వారసత్వమైతే రెండోది ఏమిటి?

ఏడో నిజాం కాలంలో పశువులు మేపితే బంచరాయి పన్ను, పోడు కొడితే కేసు. ఎదురు తిరిగిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ తర్వాతే సర్కారు కళ్లు తెరిచి, మా గోసేమిటో తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఈ రోజు మేము చాక్‌పీసు పట్టుకున్నామంటే దర్బారు దయ అనకండి. అది జోడేఘాట్ నెత్తురు పెట్టిన భిక్ష.

"భీంకు జోడేఘాట్‌లో మ్యూజియం ఉంది కదా" అంటారు. ఉంది. రాజు కథ రాజధానిలో, మా కథ గుట్టల్లో. ఇది పంపకమా, వెలివేతా? పట్నానికి పెద్దలెవరైనా వస్తే మాత్రం దండారి పండుగ నాటి గుస్సాడిని వేదిక ఎక్కిస్తారు. నెమలీకల టోపీ కావాలి, దాని కింద ఉన్న తల ఏమనుకుంటుందో అక్కరలేదు.

మా కోరిక పెద్దదేం కాదు. నిజాముల ఏలుబడి చెప్పే చోటనే 1860, 1940 కూడా చెప్పండి. తెలుగులో, ఉర్దూలో, గోండీలో రాయండి. మమ్మల్ని ఆటకు పిలిచినట్టే ఆ రాతకూ పిలవండి. బడి పిల్లలు టికెట్టు కొనుక్కొని లోపలికి వస్తారు, షాండ్లియర్లు ఎన్నున్నాయో లెక్కపెడతారు. ఆ వెలుగుకు ఎవరి శిస్తు నూనె పోసిందో కూడా తెలుసుకొని బయటికి రావాలి.