బస్తరు బిడ్డ దగ్గరికి ఒక గుర్రం

బస్తరు గుర్రం అనగానే చాలామందికి తలపుకొచ్చేది కొండగావ్ ఘడ్వా పనివాళ్లు మైనపు అచ్చులో పోసిన లోహపు గుర్రం. అది మొక్కుబడిగా దేవుడి దగ్గరికి పోతుంది, లేదంటే షోకేసుకెక్కడానికి పట్నం పోతుంది. కుంట, భోపాలపట్నం, జగదల్‌పూర్ తెలుగు ఇళ్లలో పెరిగి, భద్రాచలం, వరంగల్ దాకా చదువులకొచ్చిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ప్రాణమున్న గుర్రాన్ని బస్తరు అడవి పిల్లల దగ్గరికి నడిపించే పని మీరు ఎత్తుకోండి.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తరులో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు దోర్నపాల్, ఎర్రబోరు శిబిరాలకు చేరారు. కొందరు అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాకొచ్చారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ఎస్పీవోలను (స్పెషల్ పోలీస్ ఆఫీసర్లను) చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తేల్చింది. తుపాకులు వెనక్కి తీసుకోమంది సరే, పిల్లల గుండెల్లో దిగిన భయాన్ని ఎవరు తీస్తారు? ఆనాటి పిల్లల్లో ఎందరో ఇవాళ తల్లిదండ్రులు. ఇంట్లో పెద్దలు ఉలిక్కిపడితే ఒళ్లో బిడ్డా ఉలిక్కిపడుతుంది.

గుర్రమే ఎందుకంటారా? అది వేటాడే జంతువు కాదు, వేటకు దొరికే జంతువు. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు అంతా కనిపెడుతుంది. చప్పుడు ఎటైతే చెవులు అటు తిరుగుతాయి. మందలో ఒకటి బెదిరితే అన్నీ బెదురుతాయి. బూట్ల చప్పుడుకు బిగుసుకుపోయే పిల్లకు ఇంతకంటే దగ్గరి చుట్టం ఎవరు? పిల్ల విసురుగా వస్తే అది వెనక్కి జరుగుతుంది. ఊపిరి నెమ్మదించి, భుజాలు వదులు చేసి నిలబడితే మెల్లగా దగ్గరికొస్తుంది. తన భయం తన చేతిలోనే తగ్గడం ఆ పిల్ల కళ్లారా చూస్తుంది. పైగా హిందీ రాకపోయినా గుర్రం ఏమీ అనుకోదు! గుర్రంతో చేసే ఈ చికిత్సలో స్వారీయే ప్రధానమనుకోకండి. ఒళ్లు తోమడం, నీళ్లు పెట్టడం, తాడు పట్టి నడిపించడం, ఇలా చాలావరకు నేల మీది పనే. తనకంటే ఎన్నో రెట్లు బరువున్న ప్రాణి తన వెంట నడిచిందంటే, అన్నీ చేజారిన బిడ్డకు అది చిన్న సంగతి కాదు.

2015లో అమెరికాలోని కొలరాడో పరిశోధకులు ఆటిజం ఉన్న 127 మంది పిల్లలతో చేసిన అధ్యయనం వెలువడింది. పది వారాలు గుర్రపు స్వారీ చేసినవాళ్లలో చిరాకు, నిలకడలేనితనం తగ్గాయి. గుర్రం లేకుండా గుర్రాల గురించి నేర్చుకున్నవాళ్లలో అంత మార్పు లేదు. ఆటిజం వేరు, తుపాకీ భయం వేరు. ఆ తేడా మరిచి గుర్రాన్ని భూతవైద్యుణ్ని చేయకండి. పక్కన శిక్షణ పొందిన మానసిక నిపుణులు లేకపోతే అది జాతరలో గుర్రం సవారీయే.

అందుకే ఒక్కరితో అయ్యే పని కాదిది. సైకాలజీ చదివేవాళ్లు పిల్లల గాయాల మీద దృష్టి పెట్టండి. పశువైద్యం చదివేవాళ్లు సాధు గుర్రాన్ని ఎంచడం, దాని అలసటను గుర్తించడం నేర్వండి. విసిగిన గుర్రం పిల్లకు మరో భయమవుతుంది. హైదరాబాద్ పోలీసులకు అశ్వదళం ఉంది. అక్కడి రౌతుల దగ్గర కూర్చుని పని నేర్వండి, కొలువు దిగిన నెమ్మదైన గుర్రాలను ఇవ్వమని ప్రభుత్వాలకు అర్జీలు పెట్టండి. ఆశ్రమ పాఠశాలల తలుపు తట్టండి. కాదంటే మళ్లీ తట్టండి. గోండీ గానీ దోర్లీ గానీ రాకపోతే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. గుర్రానికి భాష అక్కర్లేదు గానీ, బిడ్డ మొదటిసారి నోరు విప్పినప్పుడు వినడానికి మీకు కావాలి.