ఇల్లూ వాకిలీ: చీకటి నడవకి ఏ రంగు వేయిద్దాం?

సంక్రాంతి ఇంకా నెలన్నర ఉందనగానే మన ఇళ్లల్లో రంగుల మాట మొదలవుతుంది. ముందు గదికి ఏది, వంటింటికి ఏది అని షేడ్ కార్డు చుట్టూ పిల్లా పెద్దా అందరూ చేరతారు. నడవ సంగతి వచ్చేసరికి మాత్రం "అక్కడెవరు చూస్తారు, మిగిలిన రంగు కొట్టించేద్దాం" అనేస్తారు. మగవాళ్లు ఆ మాట అన్నారంటే అర్థం ఉంది. పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి ఆ దారిన నడుస్తారు. మరి మనమో? కాఫీ గ్లాసులతో, నీళ్ల బిందెతో, ఉతికిన బట్టల బకెట్టుతో రోజుకి ఎన్నిసార్లు తిరుగుతామో లెక్కే లేదు. మనం ఎక్కువగా తిరిగే చోటే ఇంట్లో ఎక్కువ చీకటి. అందుకే ఈ వారం నడవ గురించి చెప్పుకుందాం.

మా గరివిడి, చీపురుపల్లి వైపు పల్లెలు చూసిన వాళ్లకి వరస ఇళ్లు తెలిసే ఉంటాయి. ఒకే గోడకి అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. వీధి అరుగు, ముందు గది, అక్కణ్ణుంచి సన్నగా రైలు పెట్టెలా నడవ, చివర వంటిల్లు, దాని వెనక పెరడు. పక్క గోడలు రెండూ పొరుగువాళ్లవే కాబట్టి కిటికీ పెట్టే వీలు లేదు. వెలుగు రావాలంటే వీధి గుమ్మంలోంచి రావాలి, లేదా పెరటి గుమ్మంలోంచి రావాలి. పెంకుటిల్లు తీసేసి స్లాబు వేసుకున్న వాళ్లు కూడా అదే స్థలంలో కట్టుకున్నారు కాబట్టి నడవ అలాగే ఉండిపోయింది. పట్నాల్లో ఫ్లాట్లు కొనుక్కున్న వాళ్లకీ ఈ బాధ తప్పలేదు. పడకగదులకి వెళ్లే దారి పట్టపగలే చీకటి.

రంగు వెలుగు నివ్వదు, మిగులుస్తుంది

ముందు ఒక మాట అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు. గోడకి ఎంత మంచి రంగు వేసినా కొత్తగా వెలుగు పుట్టదు. గుమ్మంలోంచి వచ్చిన వెలుగుని గోడ ఎంత తింటుంది, ఎంత తిరిగి ఇస్తుంది అన్నదే లెక్క.

రూపాయికి నూరు పైసలు అనుకోండి. లేత రంగు గోడ మీద వెలుగు పడితే 80 పైసల దాకా తిరిగి వస్తుంది. అది ఎదుటి గోడ మీద పడితే 64 పైసలు మిగులుతుంది. మళ్లీ ఇటు గోడ మీద పడితే 51. మూడు దెబ్బలు తిన్నా సగం మిగిలింది. అదే కాస్త ముదురు ఆకుపచ్చో నీలమో అయితే మొదటి దెబ్బకే 40 పైసలు. రెండో దెబ్బకి 16. మూడో దెబ్బకి 6 మాత్రమే. నడవ ఇరుకు కాబట్టి వెలుగు లోపలి దాకా వచ్చేలోపు రెండు గోడల మధ్య ఎన్నోసార్లు కొట్టుకుంటుంది. ముందు గదిలో అందంగా కనిపించిన రంగు నడవలో బొగ్గులా కనిపించడానికి కారణం ఇదే.

అయితే తెల్లసున్నమే కొట్టించేస్తే పోదా?

ఇది చాలామంది అడిగే మాట. తెలుపు అన్నిటికంటే ఎక్కువ వెలుగు తిరిగి ఇస్తుంది, నిజమే. కానీ అక్కడికి వచ్చే వెలుగే తక్కువైతే తెల్లగోడ తెల్లగా కనబడదు, బూడిద రంగుగా, దిగులుగా కనబడుతుంది. దానికి తోడు మనవాళ్లు సున్నంలో నీలిమందు కలుపుతారు. సున్నానికి సహజంగా ఉండే పసుపు ఛాయని ఆ నీలం కప్పేసి మల్లెపువ్వులా చూపిస్తుంది. ఎండ పడే వీధి గోడకి అది బాగుంటుంది. ఎండ రాని నడవలో ఆ నీలమే గోడని మరింత చల్లగా, మబ్బు పట్టినట్టు చూపిస్తుంది. వెల్ల వేయించే వాళ్లు నడవ వరకు నీలిమందు మానేయండి. దానికి బదులు చిటికెడు పసుపు రంగు పొడి కలపమనండి. మీగడ రంగు వస్తుంది.

ఎమల్షన్ వేయించుకునే వాళ్లకైతే మీగడ రంగు, దంతపు రంగు, లేత పసుపు, పొట్టు తీసిన పెసరపప్పు రంగులో బాగా పల్చన చేసినది, ఎరుపు తగిలీ తగలనంత లేత నారింజ - ఇవన్నీ నడవకి ఒప్పుతాయి. పసుపు మీకు ఎంత ఇష్టమైనా కార్డు మీద నచ్చినదానికంటే రెండు మెట్లు లేతది తీసుకోండి. రెండు గోడల మధ్య వెలుగు కొట్టుకునేకొద్దీ రంగు చిక్కబడుతుంది. నిమ్మపండు రంగు వేయిస్తే ఇంటికొచ్చిన చుట్టాలందరూ కామెర్లు వచ్చిన వాళ్లలా కనబడతారు. ముదురు ఆకుపచ్చకీ ఇదే చిక్కు, మనిషి మొహం వాడిపోయినట్టు ఉంటుంది.

కార్డుని కాదు, అట్టముక్కని నమ్మండి

షేడ్ కార్డు మీద అగ్గిపెట్టంత ముక్క ఉంటుంది. దాన్ని మనం కొట్లో ట్యూబ్‌లైటు కింద చూస్తాం. మన నడవకీ ఆ కొట్టుకీ సంబంధమేముంది?

మీకు నచ్చినవి మూడు రంగులు చిన్న డబ్బాలు తెచ్చుకోండి. రెండడుగుల తెల్ల అట్టముక్కల మీద రెండేసి పూతలు వేసి ఆరబెట్టండి. ఒక్కో అట్టనీ నడవలో మూడు చోట్ల నిలబెట్టి చూడండి: వీధి వైపు, నట్టనడుమ, వంటింటి వైపు. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి. నట్టనడుమ మధ్యాహ్నం పూట బాగున్న రంగే మీ రంగు. రాత్రి చూసేటప్పుడు రేపు అక్కడ ఉండబోయే బల్బే వేసుకోండి. తెల్ల ఎల్‌ఈడీ కింద మీగడ రంగు పాలిపోతుంది, పచ్చని వెలుగు బల్బు కింద అదే రంగు నెయ్యిలా కనబడుతుంది. డబ్బాలకీ అట్టలకీ కాస్త ఖర్చయినా, నచ్చని రంగుని మళ్లీ కొట్టించుకునే ఖర్చు ముందు అది లెక్కలోది కాదు.

కప్పు, తలుపులు, నేల

నడవ అంటే రెండు గోడలే కాదు. కప్పుకి ఏ ఛాయా లేని తెలుపు వేయించండి. లైటు వేసినప్పుడు వెలుగంతా ముందు తగిలేది అక్కడే.

తలుపులకి ముదురు గోధుమరంగు ఎనామిల్ వేయడం మన దగ్గర అలవాటు. మా చుట్టుపక్కల కోడూరు, గర్భాం గనుల మాంగనీసు రాయిని చేతిలో పట్టుకుంటే ఎంత నల్లగా ఉంటుందో తెలుస్తుంది. ఇనుము, మాంగనీసు కలిసిన మన్నునే ఎంతో కాలంగా గోధుమ ఛాయ రంగులకి వాడుతున్నారు. మాసింది కనబడకపోవడం దానికున్న మంచి గుణం. కానీ నడవలోకి మూడు గదుల తలుపులు తెరుచుకుంటున్నాయంటే మూడు చోట్ల వెలుగుని మింగేస్తున్నట్టే. వీధి తలుపుని అలాగే ఉంచుకుని లోపలి తలుపులకి గోడ కంటే ఒక్క మెట్టు ముదురు రంగు వేయించండి.

నేల ఎర్రగచ్చు అయితే దాన్ని మార్చనక్కర్లేదు. మధ్యలో ఒక లేత రంగు చాప పరిస్తే సరిపోతుంది. అంచులు లేవకుండా చూసుకోండి, జారే చాప మాత్రం వద్దు.

"పిల్లలు చేతులు రాస్తారు, సైకిలు హ్యాండిలు గీరుతుంది, లేత రంగు నిలుస్తుందా?" అంటారా? మన పెద్దవాళ్లు గోడ అడుగున జాజు పట్టీ దీనికే పెట్టేవారు. మీరూ కింద మూడడుగుల వరకు అదే రంగులో రెండు మెట్లు ముదురుది, తడిగుడ్డతో తుడిచే రకం ఎమల్షన్ వేయించుకోండి. వెలుగు ఎక్కువగా తిరిగేది పైభాగంలోనే కాబట్టి నష్టం ఉండదు. పైభాగానికి మెరుపు లేని రకం తీసుకోండి. మెరిసే రంగు పాత గోడల ఎత్తుపల్లాలన్నీ ఎత్తి చూపిస్తుంది.

అత్తగారి కళ్లతో చూడండి

ఇది అందం కోసం మాత్రమే రాస్తున్న సంగతి కాదు. వయసుతో పాటు కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. 60 ఏళ్ల మనిషి కంటి లోపలికి చేరే వెలుగు 20 ఏళ్ల వాళ్లతో పోలిస్తే మూడో వంతే. మనకి "బాగానే కనబడుతోందిగా" అనిపించే నడవ మన అత్తగారికి సాయంత్రం ఆరు దాటినట్టే ఉంటుంది. చీకట్లో మెట్టు తప్పి తుంటి ఎముక విరిగి మంచాన పడిన పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ తర్వాత మంచం దగ్గర సేవ ఎవరి మీద పడుతుందో మీకు నేను చెప్పాలా?

కాబట్టి గోడలు ఎంత లేతగా ఉన్నా, అంచులు మాత్రం తేడాగా కనబడాలి. నడవ నుంచి వంటింట్లోకి మెట్టు దిగాల్సి ఉంటే ఆ మెట్టు అంచున రెండంగుళాల పట్టీ వేయించండి. ఎర్రగచ్చు మీదైతే తెలుపు, తెల్ల టైలు మీదైతే ఎరుపు. గడపకి పసుపు రాసి తెల్లముగ్గు, కుంకుమ బొట్లు పెట్టడం మనకి ఎప్పటినుంచో ఉంది. ఎందుకు మొదలైనా, మసక చీకట్లో గడప ఎక్కడుందో చెప్పడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. లోపలి గడపలకి కూడా పసుపు రంగు పెయింటు వేసుకోండి. స్విచ్చి బోర్డు చుట్టూ ఒక ముదురు గీత ఉంటే చెయ్యి తడుముకోనక్కర్లేదు. వీలైతే నడవకి రెండు చివర్లా స్విచ్చి ఉండేలా కరెంటు మేస్త్రి చేత పెట్టించండి.

రంగు కంటే ముందు చెమ్మ

మన తీరంలో అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినవి అక్టోబరులోనే. ఆ వానలకి నానిన గోడ పైకి ఆరినట్టు కనబడ్డా లోపల తడి ఉంటుంది. దాని మీద ఎమల్షన్ కొట్టిస్తే పండగ వెళ్లకుండానే పొక్కులు లేస్తాయి. గోడ మీద తెల్లగా ఉప్పు పూసిందంటే తడి ఇంకా బయటికి వస్తోందని అర్థం. ముందు కారుతున్న చోటు బాగు చేయించండి. ఉప్పుని పొడి బ్రష్‌తో దులపండి. అనుమానంగా ఉంటే అరచేయంత పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు చెమర్చిందా, ఇంకొన్ని రోజులు ఆగాల్సిందే. అప్పటికీ ఆరని గోడకి సున్నమే మేలు. సున్నం తడిని బయటికి పోనిస్తుంది, నూనె రంగు లోపలే బిగించేస్తుంది.

పాత సున్నం మీద నేరుగా ఎమల్షన్ వేయనివ్వకండి. వేలితో రుద్దితే పొడి రాలుతున్నంత కాలం గీకాల్సిందే. తర్వాత ప్రైమర్, గుంటలకి లప్పం, మళ్లీ ప్రైమర్, ఆ పైన రెండు పూతలు.

పాత తలుపుల విషయంలో ఇంకో జాగ్రత్త. పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ రంగుల్లో, సీసం ఉండేది. చిన్నపిల్లల మెదడుకి అది విషం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌ని పొడిగా గీకించకండి. తడిపి, తడి గరుకు కాగితంతో రుద్దించండి. ఆ రోజుకి పిల్లల్ని, కడుపుతో ఉన్న వాళ్లని పక్కింటికి పంపించేయండి. రాలిన పొట్టుని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తేయండి. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం సంగతి డబ్బా మీద చదివి తీసుకోండి.

లెక్క మన చేతిలో ఉండాలి

ఎంత రంగు కావాలో మేస్త్రి చెప్పేదాకా ఆగొద్దు. 20 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు ఉన్న నడవకి ఒక గోడ 180 చదరపు అడుగులు, రెండు కలిపి 360. రెండు పూతలకి లీటరుకి సుమారు 60 చదరపు అడుగులు అనుకుంటే 6 లీటర్లు. తలుపుల వాటా తీసేస్తే ఇంకా తగ్గుతుంది. డబ్బా మీద కూడా ఎంత విస్తీర్ణానికి వస్తుందో రాసి ఉంటుంది. రంగు కలిపించినప్పుడు అంతా ఒకేసారి కలిపించండి. మధ్యలో చాలక మళ్లీ తెస్తే ఛాయ తేడా వచ్చి గోడ మీద గీత గీసినట్టు కనబడుతుంది.

మరిచిపోకుండా ఇవి రాసి పెట్టుకోండి:

* ముందు వెలుగు దారి చూడండి. పెరటి తలుపు పైన వెంటిలేటరుకి మసిబారిన అద్దం ఉంటే తుడవండి, చెక్క ఉంటే గాజు పెట్టించండి. పెంకుటిల్లు అయితే రెండు గాజు పెంకులు చాలు.
* గుమ్మానికి ఎదురుగా వెలుగు పడేచోట అద్దం తగిలిస్తే ఆ వెలుగు లోపలి దాకా వస్తుంది.
* ఆవిరి, పోపు పొగ నడవలోకి రాకుండా వంటింటి కిటికీ తెరిచి ఉంచండి. లేత రంగుకి మొదటి శత్రువు అదే.
* రంగు మిగిలితే చిన్న సీసాలో పోసి, రంగు నంబరు రాసి దాచుకోండి. సైకిలు గీరిన చోట అద్దుకోవచ్చు.

షేడ్ కార్డు ఈసారి ఇంటికి రాగానే మీరు ముందు నడవ రంగు ఎంచి, ఆ తర్వాతే ముందు గది సంగతి ఎత్తండి. అట్టముక్క చూపిస్తే ఇంట్లో ఎవరూ కాదనలేరు.